పింగాణీ రేట్లలో ఇంధనం పాలు: వర్తకులు వేసుకోవలసిన లెక్క

పింగాణీ కప్పులు, ఊరగాయ జాడీలు, టైల్సు తయారయ్యే కేంద్రాల నుంచి వర్తకులకు వచ్చే రేట్ల పట్టీలలో, ఇంధనం ధర మారితే సరకు రేటు కూడా మారుతుందనే షరతు మామూలైపోయింది. రేటు పెంచుకోవడానికి ఇదొక సాకు అని కొందరు కొనుగోలుదారుల అభిప్రాయం. గ్యాసు బిల్లు కట్టేవారిని అడిగితే, పెరిగినదానిలో సగమైనా రాబట్టుకోలేకపోతున్నామంటారు. ఈ ఇద్దరి మధ్య బేరం కుదర్చవలసిన దళారి చేతిలో సామాన్యంగా లెక్కంటూ ఏదీ ఉండదు.

ఆ లెక్క అంత కష్టమైనదేమీ కాదు. ఇంధనం ఖర్చు కప్పు మీద పడదు, బట్టీ మీద పడుతుంది. ఒకసారి వెలిగించిన బట్టీలో మూడు వేల కప్పులున్నా, రెండు వేలున్నా మండే ఇంధనంలో పెద్ద తేడా ఉండదు. కనుక ఒక్కో కప్పు మీద పడే ఖర్చును గ్యాసు ధర ఒక్కటే నిర్ణయించదు. బట్టీ ఎంత నిండింది, పెట్టినదానిలో ఎంత మంచి సరకుగా బయటికి వచ్చింది అనే రెండు సంగతులు కూడా నిర్ణయిస్తాయి. వీటిలో మొదటిది చాలావరకు ఆర్డరు ఇచ్చే వర్తకుని చేతిలోనే ఉన్నది.

బొగ్గు పోయి గ్యాసు వచ్చింది

ఉత్తరప్రదేశ్‌లో బులంద్‌షహర్ జిల్లాలోని ఖుర్జా కప్పులకు, జాడీలకు, కూజాలకు పేరుపడిన ఊరు. గుజరాత్‌లోని మోర్బీ టైల్సుకు, సురేంద్రనగర్ జిల్లాలోని థాన్‌గఢ్ వాష్‌బేసిన్ల వంటి సామగ్రికి ప్రసిద్ధి. దేశంలో తయారయ్యే సిరామిక్ టైల్సులో అత్యధిక భాగం మోర్బీదే. ఈ వ్యాపారంతో మన ప్రాంతానికి రెండు వైపులా సంబంధం ఉన్నది. సరకు కొనేవారిలో మన నగరాల వర్తకులున్నారు. ముడిసరకు అమ్మేవారిలో నెల్లూరు, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ వ్యాపారులున్నారు. అక్కడ బట్టీలు ఆరితే ఇక్కడ కొనేవారికి సరకు కరవు, అమ్మేవారికి గిరాకీ కరవు.

ఖుర్జాలో దశాబ్దాల తరబడి బొగ్గు బట్టీలే రాజ్యమేలాయి. గుండ్రని ఇటుక గోడలు, ఎత్తైన పొగగొట్టం, మనుషులు పారతో బొగ్గు వేయడం ఆ పద్ధతి. పిమ్మట డీజిలు, ఎల్పీజీ, గొట్టపు గ్యాసు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఢిల్లీ చుట్టూ ఉన్న రాజధాని ప్రాంతమంతటా పరిశ్రమలలో బొగ్గు వాడకాన్ని 2023 జనవరి 1 నుంచి నిషేధించారు. బులంద్‌షహర్ జిల్లా ఆ పరిధిలోనిదే. మోర్బీలో బొగ్గు నుంచి తీసిన వాయువుతో నడిచే యంత్రాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో మూయించింది. ఆ విధంగా రెండు పెద్ద కేంద్రాలూ గ్యాసు మీద ఆధారపడ్డాయి.

బొగ్గు ధర దేశంలో నిర్ణయమయ్యేది. గ్యాసు ధరకు మూలం అంతర్జాతీయ విపణిలో ఉన్నది. ఓడల మీద వచ్చే ద్రవ సహజవాయువు రేట్లు 2021 ద్వితీయార్ధం నుంచి ఎగబాకాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మరింత మండిపోయాయి. మోర్బీ పరిశ్రమలు చెల్లించే గ్యాసు రేటు ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపయింది. 2022 ఆగస్టులో అక్కడి కర్మాగారాలు తమంతట తాముగా ఇంచుమించు నెలరోజులు ఉత్పత్తి నిలిపివేశాయి. నిలవలు తరగడానికి, గ్యాసు ఖర్చు తప్పడానికి అదొక్కటే దారి అయింది. ఆ దెబ్బతో అనేక కర్మాగారాలు ప్రొపేన్ ట్యాంకులు అమర్చుకున్నాయి. ఏ నెలలో ఏది చౌక అయితే దాని మీద బట్టీ నడపడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇందులో పన్ను సంగతి కూడా ఉన్నది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సహజవాయువును, డీజిలును దాని వెలుపలే ఉంచారు. వాటి మీద రాష్ట్రం వసూలు చేసే వ్యాట్‌ను సరకు మీది జీఎస్టీలో మినహాయించుకోవడానికి వీల్లేదు. పరిశ్రమలు వాడే ప్రొపేన్, ఎల్పీజీ జీఎస్టీ పరిధిలోనివే గనుక ఆ పన్నుకు జమ దొరుకుతుంది. పైకి రెండు ఇంధనాల రేట్లు సమానంగా కనిపించినా తయారీదారుకు పడే అసలు ఖర్చు వేరు. ఫలానా ఊళ్లో గ్యాసు ధర పెరిగిందనే వార్త చూసి, అక్కడి ప్రతి తయారీదారు ఖర్చూ అంతే పెరిగిందనుకోవడం పొరపాటు.

ఏ ఇంధనంలో ఎంత వేడి

ఇంధనాలను కిలోల్లోనూ లీటర్లలోనూ పోల్చి లాభం లేదు, వేడి లెక్కన పోల్చాలి. స్థూలంగా కిలో ఎల్పీజీలో 11,000 కిలో కెలోరీల వేడి ఉంటుంది. లీటరు డీజిలులో, ఘనపు మీటరు సహజవాయువులో సుమారు 8,500 చొప్పున ఉంటుంది. ఎండిన కట్టెలలో కిలోకు 3,500 దరిదాపుల్లో, కరెంటు యూనిట్‌లో 860 ఉంటుంది. అంటే కిలో ఎల్పీజీ ఇచ్చే వేడికి సుమారు 1.3 ఘనపు మీటర్ల సహజవాయువు, లేదా 1.3 లీటర్ల డీజిలు, లేదా 13 యూనిట్ల కరెంటు కావాలి. ఎల్పీజీ కిలో ధరను 1.3తో భాగిస్తే, గ్యాసు ఏ రేటుకు దిగితే దానితో సమానమో తెలుస్తుంది. కరెంటు బట్టీకి పొగగొట్టం ద్వారా పోయే నష్టం లేదు గనుక దానికి నిజంగా అన్ని యూనిట్లు అక్కరలేదు. చిన్న పరిమాణంలో ఖరీదైన సరకు చేసేవారికి అది గిట్టుబాటు కావడానికి కారణం అదే.

సరకును బట్టి కావలసిన వేడి కూడా మారుతుంది. కుమ్మరి ఆవంలో కాలే ఎర్రమట్టి కుండకు 1,000 డిగ్రీల లోపే చాలును. నేల, గోడ టైల్సుకు 1,150 నుంచి 1,200 వరకు కావాలి. ఊరగాయ జాడీ వంటి గట్టి సరకుకు 1,200 నుంచి 1,250 వరకు, అసలైన పోర్సిలేన్‌కు 1,300 పైన కావాలి. పై మెట్టుకు పోయేకొద్దీ ప్రతి డిగ్రీకి అయ్యే ఖర్చు పెరుగుతుంది. బట్టీ గోడలగుండా, పొగగొట్టం గుండా బయటికి పోయే వేడి ఆ దశలోనే అత్యధికం.

వేడి ఎక్కడికి పోతున్నది

పాత ఇటుక బట్టీలో మండిన ఇంధనంలో కప్పుకు ముట్టేది కొద్ది పాలు మాత్రమే. అధిక భాగం పొగతోపాటు ఆకాశానికి పోతుంది. తరువాతి వాటా బట్టీ గోడలది. అడుగుల మందం గోడ ప్రతిసారి ఎర్రగా కాలాలి, ప్రతిసారి చల్లారాలి. ఆ వేడిని ఎవరూ అమ్ముకోలేరు. మూడవది సరకును పెట్టే మట్టి పెట్టెలు, పలకలు, కాళ్ల వాటా. బొగ్గు రోజుల్లో పొగమసి తగలకుండా కప్పులను మూతగల మట్టి పెట్టెలలో ఉంచి కాల్చేవారు. లోపలి సరకు కంటే పెట్టెల బరువే ఎక్కువ ఉండేది. నాలుగవది తడి. పచ్చి సరకులో మిగిలిన ప్రతి కిలో నీటినీ ఆవిరి చేయడానికి 600 కిలో కెలోరీలకు పైగా ఖర్చవుతాయి. వానాకాలంలో ఆరని సరకును తొందరపడి బట్టీలోకి తోస్తే ఇంధనమూ ఖర్చే, పగుళ్లూ ఎక్కువే.

దఫా లెక్క

ఇక అసలు లెక్కకు వద్దాము. ఈ అంకెలు పద్ధతి తెలియడానికి వేసినవే తప్ప బజారు రేట్లు కావు. ఒక చిన్న షటిల్ బట్టీలో దఫాకు 3,000 కప్పులు పడతాయనుకుందాము. 300 కిలోల ఎల్పీజీ ఖర్చవుతుంది. కిలో 70 రూపాయల చొప్పున 21,000 రూపాయలు. నూటికి పది కప్పులు పగిలో, వంకరపోయో పోతే 2,700 మంచి కప్పులు మిగులుతాయి. ఒక్కో కప్పు మీద పడిన ఇంధనం 7 రూపాయల 78 పైసలు.

ఎల్పీజీ ధర నూటికి పది పెరిగిందనుకోండి. దఫా ఖర్చు 23,100 అవుతుంది. కప్పు మీద 8 రూపాయల 56 పైసలు పడుతుంది. పెరిగినది 78 పైసలు.

ఇప్పుడు గ్యాసు ధర పాతదే ఉంచి, బట్టీని మూడింట రెండు వంతులే నింపి కాల్చారనుకోండి. గోడలూ పొగగొట్టమూ తమ వాటా తాము తీసుకుంటాయి గనుక ఇంధనం కొద్దిగానే తగ్గుతుంది. 270 కిలోలు వేసుకుంటే ఖర్చు 18,900 రూపాయలు. పెట్టిన 2,000 కప్పులలో మంచివి 1,800. కప్పు మీద పడినది 10 రూపాయల 50 పైసలు. పెరిగినది 2 రూపాయల 72 పైసలు. గ్యాసు ధర నూటికి పది పెరగడం కంటే బట్టీ వెలితి మూడున్నర రెట్లు బరువైనదన్నమాట.

పోయే సరకును పది శాతం నుంచి అయిదు శాతానికి తగ్గించగలిగితే అదే 21,000 రూపాయలు 2,850 కప్పుల మీద సర్దుకుంటాయి. కప్పుకు 7 రూపాయల 37 పైసలే పడుతుంది. పెరిగిన గ్యాసు ధరలో సగానికి పైగా అక్కడే పూడిపోతుంది.

తయారీదారులు చేస్తున్న పొదుపు

నిలదొక్కుకున్న బట్టీలవారు చేసిన మార్పులు ఇంచుమించు ఒకే వరుసలో ఉన్నాయి. మొదటిది గోడ. దళసరి ఇటుకకు బదులు సిరామిక్ ఫైబరు దుప్పటి పరిస్తే గోడ తాగే వేడి బాగా తగ్గుతుంది, బట్టీ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. వారానికి పడే దఫాలు కూడా పెరుగుతాయి. రెండవది లోపలి సామాను. శుభ్రమైన గ్యాసు మంటలో మట్టి పెట్టెల అవసరం లేదు. పలచని పలకలు, బోలు కాళ్లు వాడితే సరకుకు చోటు పెరుగుతుంది, వృథాగా కాలే బరువు తగ్గుతుంది. మూడవది పొగ వేడి. పోయే పొగతో బర్నరు గాలిని వేడిచేయడం, చల్లారే బట్టీలోని వేడి గాలిని ఆరబెట్టే గదికి మళ్లించడం దాదాపు ఉచితంగా దొరికే ఇంధనం.

నాలుగవది మట్టి మిశ్రమం. ఫెల్డ్‌స్పార్ వంటి కరిగించే ఖనిజాల పాలు సరిచూసుకుంటే తక్కువ డిగ్రీల్లోనే సరకు గట్టిపడుతుంది. ఇంధనం మండినప్పుడు నాణ్యమైన ఫెల్డ్‌స్పార్‌కు విలువ పెరగడానికి ఇదొక కారణం. మన ఖనిజ వ్యాపారులు దీనిని గుర్తించాలి. తక్కువ రేటు కంటే ప్రతి లారీలోనూ ఒకే రసాయన పాళ్లు ఉండడమే తయారీదారుకు ముఖ్యం. పాళ్లు మారితే బట్టీ డిగ్రీలు మారతాయి, ఒక దఫా మొత్తం చెడవచ్చు.

అయిదవది కాల్చే సంఖ్య. పచ్చి సరకును ఒకసారి, మెరుగు పూత వేశాక మరోసారి కాల్చడం పాత పద్ధతి. 1973 చమురు సంక్షోభం తరువాత ఇటలీలోని టైల్సు పరిశ్రమ ఒకేసారి కాల్చే పద్ధతిని, రోలర్ల మీద సరకు నడిచే బట్టీని పట్టుకున్నది. రోజుల తరబడి సాగే పని గంట లోపుకు దిగింది. నేడు మోర్బీలో నడిచేవి ఆ జాతి బట్టీలే. కప్పులు, జాడీలలో ఒకేసారి కాల్చడం అంత సులువు కాదు. పచ్చి సరకుకు పూత వేసేటప్పుడు విరగడం ఎక్కువ. చేయి తిరిగిన పనివారు ఉన్నచోటే అది లాభం.

పై మార్పులలో గోడ, లోపలి సామాను కలిసి నూటికి 15 ఇంధనం ఆదా చేశాయనుకోండి. పోయే సరకు అయిదు శాతానికి తగ్గిందనుకోండి. గ్యాసు ధర పది శాతం పెరిగినా కప్పు మీద పడేది 6 రూపాయల 89 పైసలు. పెరుగుదలకు ముందున్న 7 రూపాయల 78 పైసల కంటే ఇది తక్కువ. అయితే ఈ మార్పులకు ముందుగా పెట్టుబడి కావాలి. రెండు మూడు దఫాల సొమ్ము కూడా చేతిలో లేని చిన్న తయారీదారుకు అదే అడ్డంకి. అతడు మూతపడితే వర్తకునికి ఒక రేటు చెప్పే మనిషి తగ్గుతాడు, మిగిలినవారి మాటే రేటు అవుతుంది.

సరిగా కాలని సరకు

ఇంధనం మిగల్చడానికి ఒక చెడ్డ దారి కూడా ఉన్నది. పై డిగ్రీల దగ్గర బట్టీని నిలపవలసిన గంట, రెండు గంటల సమయాన్ని కోసివేయడం, లేదా 1,230 డిగ్రీల సరకును 1,180 వద్దనే ఆపివేయడం. బయటికి వచ్చిన జాడీ చూపుకు మెరుస్తూనే ఉంటుంది. లోపలి మట్టి మాత్రం గట్టిపడదు. కొద్ది నెలల్లో పూత మీద వెంట్రుకవాసి గీతలు లేస్తాయి. ఉప్పు, నూనె మట్టిలోకి దిగుతాయి, అడుగున చెమ్మ తేలుతుంది. ఏడాది ఆవకాయ పోయిన ఇల్లాలు తయారీదారు పేరు ఎరగదు, దుకాణం పేరే ఎరుగుతుంది. అందరూ రేటు పెంచిన నెలలో ఒక్కరే పాత రేటుకు ఇస్తామంటే కారణం అడిగి తెలుసుకోవాలి. బట్టీ మార్చుకున్నందువల్ల అయితే సంతోషమే.

పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. సరకును వేలితో తట్టితే ఖంగుమని మోగాలి. బొద్దుగా పలికితే అనుమానించాలి. పగిలిన పెంకు ఒకటి తెప్పించి, విరిగిన అంచు మీద సిరా చుక్క వేసి కొద్దిసేపటికి కడగాలి. మరక లోపలికి పాకితే సరకు కాలలేదన్నమాట. బాగా ఆరిన పెంకును తూచి, ఒక రోజు నీటిలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచవచ్చు. మంచి జాడీ పెంకు నూటికి మూడుకు మించి బరువు పెరగరాదు.

బేరం కుదుర్చుకునేటప్పుడు

మొదటి సంగతి, ఇంధనం పెరిగిన శాతమే సరకు రేటుకు వర్తించదు. మన ఉదాహరణలోని కప్పు రేటు 40 రూపాయలైతే అందులో ఇంధనం అయిదో వంతు కూడా లేదు. గ్యాసు పది శాతం పెరిగితే కప్పు పెరగవలసినది రెండు శాతం. పది శాతం అడిగితే మిగిలిన ఎనిమిదికి వేరే కారణం చూపించాలి. లారీ కిరాయి, అట్టపెట్టెలు, కూలి పెరిగి ఉండవచ్చు, వాటిని విడివిడిగా అడగాలి. టైల్సులో ఇంధనం పాలు ఇంకా ఎక్కువ, ఉత్పత్తి వ్యయంలో మూడో వంతు దాకా పోతుంది. అక్కడ అదే పెరుగుదలకు మూడు శాతం పైచిలుకు న్యాయం.

రెండవది, షరతును ఊరక వదలకుండా అంకెల్లో రాసుకోవాలి. ఏ ఇంధనం, ఏ నెల ధర ఆధారం, రేటులో దాని పాలెంత, ఎంత మారితే సవరణ అన్నవి కాగితం మీద ఉండాలి. అయిదు శాతం లోపు మార్పును పట్టించుకోకపోవడం ఉభయులకూ సుఖం. ధర తగ్గినప్పుడు కూడా అదే షరతు పనిచేయాలి. పెరిగినప్పుడు మాత్రమే మేలుకునే షరతుకు ఒప్పుకోరాదు.

మూడవది, తేదీలు. మన చమురు కంపెనీలు వాణిజ్య ఎల్పీజీ రేటును సామాన్యంగా ప్రతి నెలా మొదటి తేదీన సవరిస్తాయి. దానికి మూలం సౌదీ అరేబియా నెలకొకసారి ప్రకటించే ప్రొపేన్, బ్యూటేన్ ధరలు, రూపాయి మారకం. నెలాఖరులో తీసుకున్న రేటు ఎన్నాళ్లు చెల్లుతుందో అడగకుండా కిందివారికి మాట ఇవ్వరాదు.

నాలుగవది, అన్నిటికంటే లాభమైనది, బట్టీ నింపే ఆర్డరు. దళసరి జాడీ నిదానంగా వేడెక్కాలి, పలచని కప్పు త్వరగా వేడెక్కగలదు. రెంటినీ కలిపి కాల్చితే ఒకదానికోసం మరొకటి నష్టపడుతుంది. పది రకాలు తలా రెండు గ్రోసులు అడిగే వర్తకుడు, తెలియకుండానే, వెలితి బట్టీ ఖర్చు నెత్తిన వేసుకుంటున్నాడు. రకాలు తగ్గించి, ఒకే సైజు జాడీలను ముగ్గురు నలుగురు వర్తకులు ఒక దళారి ద్వారా కలిపి రాయిస్తే, నిండు బట్టీ రేటు అడిగే హక్కు వస్తుంది. బంగారు గీత, పువ్వుల బొమ్మలు అతికించిన కప్పులకు సుమారు 800 డిగ్రీల దగ్గర మరొకసారి కాల్చే ఖర్చు ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి. పూతలోనే రంగు ఉన్న సరకుకు ఆ ఖర్చు లేదు.

ఆవకాయ జాడీల గిరాకీ వేసవి మొదట్లో ఒక్కసారిగా లేస్తుంది. ఆ సమయానికి బట్టీల దగ్గర వరుస కట్టి చిల్లర ఆర్డర్లు ఇచ్చేవారికి అధిక రేటూ, ఆలస్యమూ రెండూ తప్పవు. సంక్రాంతి వెళ్లగానే సైజులు తేల్చి నిండు బట్టీలకు రాయించినవారికి, గ్యాసు ధర ఎటు పోయినా, మన లెక్కలోని రెండు రూపాయల డెబ్బై రెండు పైసలు ముందే చేతిలో ఉంటాయి.